గడియ కుడుక ఎక్కడ పెట్టాలి

పెనుకొండ రాజధానిగా ఉన్న రోజుల్లో గోరంట్లకు ఆమడ దూరంలో, ఒక చెరువు కింద ఒక ఊరుండేది. చెరువుకు ఒకటే తూము, ఒకటే కాలువ. తూము కిందనే ఉన్న మళ్ళు అరవై ఇళ్ళవాళ్ళవి. నడిమి మళ్ళు నలభై ఇళ్ళవాళ్ళవి. కాలువ చివర, ఇసుక నేలలో ఉన్న కడ మళ్ళు పన్నెండు ఇళ్ళవాళ్ళవి. ఆ పన్నెండిట్లో ఒక ఇల్లు ఒక ముసలవ్వది. మొగుడు పోయాడు. కొడుకు పెనుకొండ కోటలో రాళ్ళు మోసే పనికి పోయి అక్కడే ఉండిపోయాడు. అవ్వకు మిగిలింది రెండు మళ్ళు, ఒక బక్క ఆవు, ఊరవతలికి కూడా వినబడే గొంతు.

తూము కడ్డీ ఎత్తి దించేవాడు నీరుగంటి. అతన్ని పెనుకొండ నుంచి పారుపత్తేగారు పంపేవాడు. అప్పటి నీరుగంటి మంచివాడు. ఈ సంగతి ముందే చెప్పడం మేలు. ఇలాంటి కథల్లో నీరుగంటిని దొంగను చేసేస్తే చెప్పేవాడి పని మరీ సులువైపోతుంది. అతను లంచం ముట్టడు, ఎవరింట్లోనూ సంకటి ముద్ద కూడా తినడు. అతని దగ్గర ఉన్నవి రెండే వస్తువులు. ఒకటి పెనుకొండలో రాయసగాడు రాసిచ్చిన తాటాకు పట్టీ. రెండోది రాగి గడియ కుడుక. అడుగున సన్న బెజ్జం ఉన్న ఆ కుడుకను తొట్టి నీళ్ళ మీద వదిలితే, నిండి మునగడానికి సరిగ్గా ఒక గడియ పడుతుంది. పట్టీలో ఉన్నది ఒకటే ఆజ్ఞ: కడ మళ్ళకు, నడిమి మళ్ళకు, తూము కింది మళ్ళకు రోజుకు ఆరేసి గడియల నీళ్ళు, ఎవరికీ ఎక్కువా లేదు, తక్కువా లేదు. పైగా కడవాళ్ళ మీద దయ తలచి, పొద్దున్నే మొదటి వంతు వాళ్ళకే రాశారు.

తెల్లవారుతూనే నీరుగంటి తూము గట్టు మీద కూర్చునేవాడు. కడ్డీ ఎత్తి, కుడుక వదిలి, మునకలు లెక్కపెట్టేవాడు. రాత్రంతా ఎండిన కాలువ. ఇసుక తాగినంత తాగాక, నీళ్ళు కడ మళ్ళ దాకా పోవడానికి అయిదు గడియలు పట్టేది. ఆరో మునకతో కడవాళ్ళ వంతు తీరిపోయేది. వంతు తీరిందంటే చాలు, పైవాళ్ళు మడవలు తెంచుకునేవాళ్ళు. కాలువలో ఇంకా నడుస్తున్న నీళ్ళన్నీ వాళ్ళ మళ్ళలోకే మళ్ళిపోయేవి. అవ్వ మడిలో మట్టి నల్లబడేది, అంతే.

"నాయనా, నాకు అందేది ఒక్క గడియే కదప్పా" అని అవ్వ అడిగింది.

"ఆరు మునకలు అవ్వా. అబద్ధమైతే నువ్వే కూర్చుని లెక్కపెట్టుకో" అన్నాడు నీరుగంటి.

అవ్వ కూర్చుని లెక్కపెట్టింది. ఆరే.

ఒక ఏడు వాన సగమే పడింది. కడ మళ్ళు బీటలు వారాయి, నడిమి మళ్ళూ వాడిపోయాయి. అప్పుడు ఊరికి కోపం వచ్చింది. నడిమివాళ్ళు, కడవాళ్ళు కలిసి, తూము కిందివాళ్ళలో మంచి మనసున్న నలుగురిని వెంటేసుకుని పెనుకొండకు నడిచారు. పారుపత్తేగారి ముందు కండువాలు పరిచి మొర పెట్టుకున్నారు. "మా చెరువు మీద మాకే మాట లేకపోతే ఎట్ల సామీ? యాడో పెనుకొండలో కూచున్నోళ్ళకు మా మళ్ళ సంగతి ఏం తెలుస్తాది?"

పారుపత్తేగారు విన్నాడు. మొండివాడు కాదు. రాయసగాడిని పిలిచి అప్పటికప్పుడు ఉత్తరువు రాయించాడు: ఇకమీదట చెరువు పెద్దలు అయిదుగురిని ఊరివాళ్ళే ఎన్నుకోవచ్చు.

ఉత్తరువు ఊరికి వచ్చిన రోజు తప్పెట్లు మోగాయి. కరణం అరుగెక్కి చదివాడు. ఎన్నికైన పెద్దలు కట్ట మీద కంప కొట్టించాలి. తూము దగ్గర గంగమ్మకు దీపం పెట్టించాలి. పూడిక తీతకు ఎవరొచ్చారో ఎవరు రాలేదో లెక్క చూడాలి. చివర ఇంకో వాక్యం ఉంది. తూము కడ్డీ, గడియల పట్టీ యథాప్రకారం. కరణం అది కూడా చదివాడు, దాచలేదు. తప్పెట్ల మోతలో ఎవరికీ వినబడలేదు.

ఎన్నికకు చింతగింజలు పెట్టారు. ఇంటికొక గింజ, నచ్చినవాడి కుండలో వెయ్యాలి. ఊళ్ళో ఇళ్ళు నూటపన్నెండు. మొదటిసారి లెక్కపెడితే గింజలు నాలుగొందలు తేలాయి. చింతతోపు ఉన్నాయన గెలిచాడు. కరణం తల పట్టుకుని, గింజలకు లక్క ముద్ర వేయించి మళ్ళీ పెట్టించాడు. ఈసారి లెక్క సరిపోయింది కానీ రెండు తలలు పగిలాయి. గెలిచినవాళ్ళలో గంగమ్మకు మొదటి టెంకాయ ఎవరు కొట్టాలన్న దగ్గర ఇంకో తల పగిలింది. ఊరు రెండుగా చీలి, ఒక వర్గంవాళ్ళ పెండ్లికి ఇంకో వర్గంవాళ్ళు పోవడం మానుకున్నారు.

అయినా ఆ పెద్దలు ఊరికే కూర్చోలేదు. కట్ట మీద తుమ్మకంప ఒక్కటీ మిగల్లేదు. దీపం ఏ రాత్రీ ఆరలేదు. పూడిక తీతకు ఎగ్గొట్టినవాడికి తప్పు వేశారు. చెరువు చూడ ముచ్చటగా తయారైంది.

అవ్వ మడి మాత్రం ఎప్పటిలాగే నల్లబడి ఎండేది. అయిదుగురిలో ఒకాయన కడ మళ్ళవాడే. అవ్వ అతని ఇంటికి పోయింది.

"ఏమప్పా, గింజ నీకేస్తిని. నీళ్ళేవి?"

"నా చేతిలో ఏముంది అవ్వా! కట్ట చూడు, ఎంత బాగు చేయించినానో. కడ్డీ నాది కాదు."

నీరుగంటి దగ్గరికి పోయింది. అతను పట్టీ చూపించాడు. అవ్వ సద్ది మూట కట్టుకుని, ఒక పగలంతా నడిచి పెనుకొండ పోయింది. రాయసగాడు తాటాకులోంచి తల ఎత్తకుండానే అడిగాడు. "మీ ఊళ్ళో పెద్దల్ని మీరే ఎన్నుకున్నారు కదా?"

"ఎన్నుకుంటిమి."

"మరి వాళ్ళని అడగక ఇంత దూరం యాలొచ్చినావు?"

తిరిగొచ్చిన అవ్వ రచ్చబండ దగ్గర నిలబడి అందరికీ వినబడేలా అంది. "మొన్నటిదాకా తిట్టుకునేకి పెనుకొండన్నా ఉండె. ఇప్పుడు ఆ తిట్టు కూడా మన ఊళ్ళోకే తెచ్చుకుంటిమి."

పెద్దలకు సిగ్గేసింది. రెండు వర్గాలూ పగ పక్కన పెట్టి, మళ్ళీ పెనుకొండ పోయి కడ్డీయే అడిగాయి. అప్పుడు పారుపత్తేగారికి ఉత్తరపు దిక్కు నుంచి వచ్చే సైన్యాల దిగులు. ఒక చిన్న చెరువు తూము కోసం తగువాడే తీరిక లేదు. సరే పొండి, నీరుగంటిని కూడా మీరే ఎన్నుకోండి అన్నాడు.

మళ్ళీ చింతగింజలు. తూము కింది మళ్ళ కుర్రవాడు ఒకడు నీరుగంటి అయ్యాడు. వీడూ చెడ్డవాడు కాదు. అరవై గింజలు ఎక్కడి నుంచి వచ్చాయో మరిచిపోలేదు, అంతే. పెనుకొండ పట్టీ పక్కన పెట్టి కొత్త లెక్క వేశాడు. తూము కిందికి ఎనిమిది గడియలు, నడిమికి ఆరు, కడకు నాలుగు. నాలుగో మునకకు నీళ్ళు ఇంకా దారిలోనే ఉండేవి. కడవాళ్ళు అడిగితే, "ఊరు ఎన్నుకున్న మాట ఇది. ఎక్కువమంది చెప్పినట్టు నడవాలి కదా మామా" అన్నాడు. మామ దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి రచ్చబండ దగ్గర తెల్లవార్లూ వాదన. పెనుకొండ నీరుగంటే నయం, వాడు కనీసం ఆరు మునకలకు తగ్గించలేదు అని కొందరు. మనవాడే నయం, వీడినైతే వచ్చే ఏడు దించొచ్చు అని కొందరు. పన్నెండు గింజలతో అరవై గింజల్ని ఏ ఏడు దించుతావురా అని ఇంకొకడు. కోడి కూసే వేళకు అవ్వ లేచింది.

"ఎవరినన్నా పెట్టుకోండప్పా. పెనుకొండోడే కానీ, మనోడే కానీ. ఆరు మునకలే కానీండి. ఆ కుడుకను మాత్రం తూము గట్టు మీద వద్దు. తెచ్చి నా మడి గట్టు మీద పెట్టండి. నీళ్ళు నా మడి ముట్టినాక మొదటి మునక లెక్క."

కాసేపటికి గానీ ఆ మాట ఎవరికీ బుర్రకెక్కలేదు. ఎక్కాక గోల మొదలైంది. ఆ ఇసుకలో ఎవరు కూర్చుంటారు? కుడుక అక్కడ మునిగితే కడ్డీ దించాలని ఇక్కడ ఎట్లా తెలుస్తుంది? ఈతచెట్టుకు గుడ్డ కట్టి ఎగరేస్తే చాలని ఒక పిల్లవాడు అన్నాడు. కరణం వేళ్ళు మడిచి లెక్క చూసి అసలు సంగతి బయటపెట్టాడు.

"అవ్వా, నీ ఆరు గడియలకు చెరువులో పదకొండు గడియల నీళ్ళు పోతాయి. మిగతావాళ్ళకు ఆ మేరకు తగ్గుతాది. అది న్యాయమేనా?"

"ఇన్నాళ్ళూ ఆ అయిదు గడియలు నా పేరున రాసి, మీ మళ్ళల్లో పారిచ్చుకుంటిరి కదప్పా. అది న్యాయమేనా?"

ఒక కారు చూద్దామని కుడుకను కడ మళ్ళకు మోశారు. ఆ కారు అవ్వ మడిలో ఎంత పండిందో కథ చెప్పేవాళ్ళు చెప్పరు. ఆ ఏడు తూము దగ్గర కూర్చున్నది పెనుకొండ పంపినవాడా, ఊరు ఎన్నుకున్నవాడా అన్నది కూడా చెప్పరు.

నీతి

ఎన్నికా, నియామకమా అని తగువుపడే ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. కడ్డీ ఎవరి చేతిలో ఉంది? కుడుక ఎవరి గట్టు మీద ఉంది? మన బడుల విషయంలో మొదటి ప్రశ్న కొద్దిగా అడిగాం. రెండోది దాదాపు అడగనే లేదు.

చెరువు కథతో బడి సంగతి చెప్పడం నా చమత్కారమేమీ కాదు. మన రాష్ట్రంలో ఈ రెండూ ఒకే ఊపులో పుట్టాయి. 1997లో సాగునీటి వ్యవస్థల్ని రైతులే నడుపుకోవాలని చట్టం చేసి, నీటి సంఘాలకు ఎన్నికలు పెట్టారు. మరుసటి ఏడే, 1998లో, పాఠశాల విద్యలో ప్రజల భాగస్వామ్యం పేరుతో ఇంకో చట్టం వచ్చింది. తల్లిదండ్రులు బడి కమిటీలను ఎన్నుకున్నారు. జన్మభూమి సభల కాలం అది. 'విద్యా కమిటీ చైర్మన్' అన్న మాట పల్లెల్లో అప్పటి నుంచే బాగా నలిగింది. ఆ పదవి కోసం తగువులు పడ్డ ఊళ్ళూ ఉన్నాయి.

తర్వాత 2009లో దేశమంతటికీ విద్యాహక్కు చట్టం వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. దాని 21వ సెక్షన్ బడి యాజమాన్య కమిటీ గురించి చెబుతుంది. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళు కావాలి. బడి ఎలా నడుస్తుందో చూడటం, అభివృద్ధి ప్రణాళిక రాయడం, నిధులు ఎలా ఖర్చయ్యాయో కనిపెట్టడం వాళ్ళ పని. ఆంధ్రప్రదేశ్‌లో తరగతికి ముగ్గురు తల్లిదండ్రుల చొప్పున ఎన్నుకుంటారు. 2021 సెప్టెంబరు తర్వాత మళ్ళీ ఎన్నికలు జరిగింది 2024 ఆగస్టు 8న. చేతులెత్తి కొన్నిచోట్ల, చీటీలు వేసి కొన్నిచోట్ల, పార్టీ జెండాలు లేకపోయినా పార్టీలు నిండుగా ఉండి చాలాచోట్ల, ఆ ఎన్నికలు అయిపోయాయి.

అదే చట్టంలో ఇంకాస్త ముందుకు పోతే 29వ సెక్షన్ వస్తుంది. పిల్లలు ఏం చదవాలి, వాళ్ళను ఎలా పరీక్షించాలి అన్నది ప్రభుత్వం నోటిఫై చేసిన విద్యాసంస్థ నిర్ణయిస్తుందని అది చెబుతుంది. మన దగ్గర ఆ పని రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలిది, అంటే ఎస్‌సీఈఆర్‌టీది. అందులో కూర్చునేది నియమితులైనవాళ్ళు. పదో తరగతి పరీక్షలు నడిపే ప్రభుత్వ పరీక్షల డైరెక్టరుది నియామకమే. 1971 చట్టంతో పుట్టిన ఇంటర్మీడియట్ బోర్డులోనూ పదవి రీత్యా వచ్చినవాళ్ళు, ప్రభుత్వం నామినేట్ చేసినవాళ్ళే. ఒకే చట్టం లోపల ఎనిమిది సెక్షన్ల ఎడంలో కట్ట ఒకరికి, కడ్డీ ఇంకొకరికి పంచి పెట్టారు. మరుగుదొడ్లు, మధ్యాహ్న భోజనం, ప్రహరీ గోడ ఎన్నికైన తల్లులవి. పాఠం, పరీక్ష, కేలెండర్, టీచర్ పోస్టు పైవాళ్ళవి.

మరుగుదొడ్డి చిన్న విషయం అనడం లేదు. ఎదిగిన ఆడపిల్ల బడి మానేయకుండా ఆపడంలో దాని పాత్ర ఎంతో పల్లె తల్లులకు తెలుసు. 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పనులు తల్లిదండ్రుల కమిటీల పేరు మీదే నడిచాయి, గోడలకు రంగులు వచ్చాయి, నీళ్ళ కుళాయిలు వచ్చాయి. కథలో కట్ట నిజంగానే బాగుపడినట్టు ఇదీ నిజమైన బాగే. నా గొడవ అంతా, ఈ కమిటీని చూపించి 'చదువు ప్రజల చేతిలో పెట్టాం' అని చెప్పే మాటతోనే.

పెద్ద నిర్ణయం వచ్చినప్పుడు తల్లిదండ్రులను అసలు అడగలేదా అంటే, అడిగారు. ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం కోసం 2019 నవంబరులో ఇచ్చిన ఉత్తర్వులను 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. ఆ వెంటనే వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి తల్లిదండ్రుల ఇష్టాలు రాయించుకున్నారు. 96 శాతానికి పైగా ఇంగ్లీషే కోరారని లెక్క తేల్చారు. ఆ కోరిక అబద్ధమని నేను అనను, హిందూపురంలో కిటకిటలాడే కాన్వెంట్లను చూసినవాడెవడూ అనలేడు. కానీ అడిగింది ప్రభుత్వానికి ఆ జవాబు అవసరమైన రోజున. పుస్తకంలో ఏ పాఠం బరువైంది, ఏ పరీక్ష ఏ నెలలో పెడితే పిల్లలు బడిలో ఉంటారు అన్నవి అదే తల్లిని ఏ వాలంటీరూ అడగలేదు.

నియమితుల బోర్డుకు జనం అడిగే దారి లేకపోతే ఏమవుతుందో తెలంగాణ చూసింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లాయి. పరీక్షకు హాజరైన పిల్లలకు హాజరు లేనట్టు, మంచి మార్కులు వచ్చినవాళ్ళకు సున్నాలు వచ్చినట్టు బయటపడింది. ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. తల్లిదండ్రులు హైదరాబాద్‌లో బోర్డు గేటు బయట నిలబడ్డారు. చివరికి ముగ్గురు సభ్యుల కమిటీ వేసి, ఫెయిలైన మూడు లక్షలకు పైగా పిల్లల జవాబు పత్రాలు మళ్ళీ చూస్తే, వెయ్యికి పైగా మంది పాసయ్యారు. ఆ గేటు లోపల తల్లిదండ్రుల తరఫున కూర్చున్న మనిషి ఒక్కరున్నా ఆ తప్పు జరిగేది కాదని చెప్పలేను. వాళ్ళు అన్ని రోజులు గేటు బయటే నిలబడవలసి వచ్చేది కాదని మాత్రం చెప్పగలను.

బోర్డు మీద విద్యామంత్రి ఉన్నాడు, ఆయన జనం ఎన్నుకున్నవాడే కదా అని అంటారు. నిజమే. కానీ ఆ ఒక్క ఓటులో బియ్యం, పింఛను, రోడ్డు, కులం, కాలువ, చదువు అన్నీ కలిపి వేసేశాం. పాఠ్యపుస్తకం మీద కోపంతో ఎమ్మెల్యేను దించిన ఊరు నేను చూడలేదు. పైగా గోరంట్లవాళ్ళకైతే ఆ ఎమ్మెల్యే కూడా కాస్త దూరమయ్యాడు. 2009 ఎన్నికల నాటికి గోరంట్ల నియోజకవర్గం రద్దై పెనుకొండలో కలిసిపోయింది. కథలో అవ్వ నడిచిన దారే!

అయితే కడ్డీ కూడా ఎన్నికైనవాళ్ళకే ఇచ్చేస్తే సరిపోతుందా? ఆ ముచ్చటా మనకు తీరింది. 1959 చట్టంతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చాక ఎలిమెంటరీ బడులు సమితుల కింద, హైస్కూళ్ళు పరిషత్తుల కింద ఉండేవి. పంతుళ్ళను బదిలీ చేసే కడ్డీ సమితి ప్రెసిడెంటు చేతిలో పడింది. ఆ కాలంలో పనిచేసిన పెద్ద టీచర్లను కదిపి చూడండి. ప్రెసిడెంటు ఇంటి అరుగు మీద గంటలు గంటలు పడిగాపులు కాయడం, ఎన్నికల్లో ఎదుటి పక్షం మనిషని ముద్ర పడితే దూరపు ఊరికి బదిలీ కావడం, ఇవే చెబుతారు. ఉపాధ్యాయ సంఘాల పాత పోరాటాల్లో సగం ఈ అరుగుల మీదే పుట్టాయి. గింజలు ఎక్కడి నుంచి వచ్చాయో మరిచిపోని నీరుగంట్లు వాళ్ళు. ఇవాళ బదిలీలు పాయింట్ల లెక్కతో, కంప్యూటర్ కౌన్సెలింగ్‌తో జరుగుతున్నాయంటే, ఎన్నికైనవాడి చేతి నుంచీ అధికారి చేతి నుంచీ కూడా కొంత తీసి ఒక నియమం చేతిలో పెట్టడం వల్లే.

అమెరికాలో ఈ తగువు ఇంకా నడుస్తూనే ఉంది. చాలా రాష్ట్రాల్లో విద్యాబోర్డు సభ్యులను గవర్నరు నియమిస్తాడు. టెక్సస్, కాన్సాస్ లాంటి కొన్ని చోట్ల జనమే ఎన్నుకుంటారు. కాన్సాస్ బోర్డులో పదిమంది. 1999లో ఆరుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు ఓటేసి, జీవపరిణామ సిద్ధాంతాన్ని సైన్సు ప్రమాణాల్లోంచి దాదాపుగా తీసేశారు. 2000 ఎన్నికల్లో ఓటర్లు బోర్డును మార్చారు, 2001లో పాఠం తిరిగొచ్చింది. 2005లో మళ్ళీ ఆరు–నాలుగుతో దాన్ని సందేహించే ప్రమాణాలు వచ్చాయి, 2007లో మళ్ళీ పోయాయి. డార్విన్ చెప్పింది నిజమా కాదా అన్నది చేతులెత్తి తేల్చే సంగతి కాదు. కాబట్టి లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం రాసేవాళ్ళను ఎన్నికతో తేవాలని నేను అనను. తెలిసినవాళ్ళనే నియమించాలి. కానీ అక్కడి ఓటర్లు, తమకు నచ్చని సిలబస్‌ను ఏడాదిన్నరలో వెనక్కి తిప్పగలిగారు. మన దగ్గర ఆ దారి ఎక్కడుంది?

కొంత ఉందంటారు, శాసన మండలిలో. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం మండలి సభ్యుల్లో పన్నెండో వంతు టీచర్లు ఎన్నుకున్నవాళ్ళు. 2023 మార్చి 13న కడప–అనంతపురం–కర్నూలు ఉపాధ్యాయ నియోజకవర్గానికి పోలింగ్ జరిగినప్పుడు ఈ ప్రాంతపు హైస్కూలు మాస్టర్లు వరుసలో నిలబడ్డారు. ఊళ్ళో ప్రాథమిక పాఠశాలలో ఒకటి నుంచి అయిదు దాకా ఒక్కడే చెప్పే ఎస్‌జీటీ మాస్టరు నిలబడలేదు. సెకండరీ స్థాయికి తగ్గని బడుల్లో చెప్పేవాళ్ళకే ఆ ఓటు. అక్షరం దిద్దించేవాడికి లేదు. ఉపాధ్యాయుల ఎన్నికలో కూడా కడ మడి ఉంది.

ఇక కుడుక మాట. నా లెక్కలో అసలు బరువు దీనిదే.

రాష్ట్రమంతటికీ ఒకే కేలెండరు, ఒకే సిలబస్, ఒకే పరీక్ష తేదీ. కాగితం మీద అందరికీ ఆరు మునకలు. కానీ గోరంట్ల, కదిరి వైపు శనక్కాయ పోయిన ఏడు సంసారాలు బెంగళూరు కట్టడాల పనికి కదులుతాయి. పిల్లలు వెంటపోతారు. వాళ్ళ కోసం సీజనల్ హాస్టళ్ళ పథకం ఉంది. కానీ అమరావతిలో పరీక్ష తేదీ వేసే చోట ఈ కదలిక లెక్కలోకి రాదు. మడకశిర, అమరాపురం, అగళి వైపు కన్నడ మీడియం బడులున్నాయి. వాటి పిల్లలకు రాష్ట్రం పుస్తకం ముందు వేరే భాషలో తయారై, తర్వాత కన్నడమవుతుంది. తాండాల్లో ఇంట్లో మాట్లాడే భాష వేరు, బడిలో మొదటి పుస్తకం భాష వేరు. ఈ పిల్లల దాకా పాఠం నడిచి వచ్చేసరికి అయిదు గడియలు దారిలోనే అయిపోతాయి. ఆరో గడియకు పరీక్ష పెడతాం, వీళ్ళు వెనకబడ్డారని నివేదిక రాస్తాం.

కాబట్టి బోర్డులో ఎవరిని కూర్చోబెట్టాలన్న దానికి నా జవాబు సగం సగంగా ఉంటుంది. పుస్తకం రాసేవాళ్ళు నియమితులే కానీ. వాళ్ళ పక్కన, కేలెండరు మీదా పరీక్షల మీదా ఫిర్యాదుల మీదా మాట చెల్లే కుర్చీలు కొన్ని, ఎన్నికైన బడి కమిటీల తల్లులకే ఇవ్వాలి. ఆ కుర్చీలు జిల్లా కేంద్రపు పెద్ద హైస్కూళ్ళకు పోకూడదు. అమరాపురం కన్నడ బడికి, వలసపోయే ఊరి బడికి, ఒంటి టీచరు తాండా బడికి ముందుగా రాసిపెట్టాలి. లేకపోతే అరవై గింజలవాళ్ళు ఇక్కడా గెలుస్తారు. దీనికి ఖర్చుంది. పరీక్ష రెండు విడతలుగా పెట్టాల్సి రావచ్చు, పుస్తకాలు ఆలస్యం కావచ్చు, బాగా నడిచే బడులవాళ్ళు సణగవచ్చు. కరణం వేసిన లెక్కే అది, దాన్ని దాచి ఈ మాట అడగడం మర్యాద కాదు.

2025 జులై 10న గోరంట్ల ఉన్న ఈ జిల్లాలోనే, కొత్తచెరువు జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో, ముఖ్యమంత్రి, విద్యామంత్రి తల్లిదండ్రులతో కలిసి కూర్చున్నారు. రాష్ట్రమంతా అదే రోజు మెగా పేరెంట్–టీచర్ మీటింగ్ జరిగింది. పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు తల్లి చేతికిచ్చి మాట్లాడారు. మంచిదే. అక్కడ తూకం వేసింది పిల్లవాడిని. సిలబస్‌కు కూడా ఒక ప్రోగ్రెస్ కార్డు ఉండి, దాని మీద ఆ తల్లి సంతకం పెట్టే రోజు ఇంకా రాలేదు.

దానికి కొత్త చట్టం వచ్చేదాకా ఆగనక్కర్లేదు. విద్యాహక్కు చట్టం 32వ సెక్షన్ ప్రకారం, పిల్లవాడి హక్కు మీద ఎవరైనా రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే స్థానిక సంస్థ మూడు నెలల్లో తేల్చాలి. అదే గడువు బడి కమిటీ తీర్మానాలకూ పెట్టవచ్చు. గోరంట్ల మండలంలో ఏదో ఒక బడి కమిటీ తన మినిట్స్ పుస్తకంలో, ఫలానా తరగతి ఫలానా పాఠం మా పిల్లలకు అందడం లేదు, పరీక్ష ఈ నెలలో పెడితే మా వీధిలో సగంమంది ఉండరు అని రాసి, ఎస్‌సీఈఆర్‌టీకి పంపితే, మూడు నెలల్లోగా ఒప్పుకుంటున్నామనో, కాదనో, కాదంటే ఎందుకనో, సంతకంతో జవాబు రావాలి. ఆ జవాబు బడి నోటీసు బోర్డు మీద, మధ్యాహ్న భోజనం మెనూ పక్కన అంటించాలి. తర్వాత కమిటీ సమావేశంలో మొదటి అంశంగా దాన్ని చదవాలి.